తడి నేల మీద పరీక్ష: చిన్నీకి పెదనాన్న ఉత్తరం

చిన్నీ,

ఇక్కడి బ్రిటన్ లైసెన్సు కోసం రాసే మోటార్‌సైకిల్ మాడ్యూల్ 1 పరీక్ష, అదే బండి నడిపి చూపించే మొదటి పరీక్ష, తప్పావనీ, ఫిబ్రవరిలోనే మళ్లీ వెళతానంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడిది భయం. నాకు ముందు గర్వం కలిగింది, ఆ వెనకే భయం. మన ఇంట్లో 600 సీసీ బండి ఎక్కిన ఆడపిల్లవు నువ్వొక్కతెవే. కానీ బండితో సహా పడ్డావని వారం దాకా నాకు చెప్పకపోవడం ఏమీ బాగాలేదు. లీడ్స్‌లో నీ మోకాలు వాస్తే బర్మింగ్‌హామ్‌లో ఉన్న నాకు తెలియవద్దా, తల్లీ?

కనీసం మూడు పనిదినాలు ఆగాలనీ, ఫీజు మళ్లీ కట్టాలనీ నీకు తెలుసు. పొద్దున్నే మొదటి సమయం తీసుకోకు, పదకొండు దాటాక చూడు. బయలుదేరే ముందు పరీక్షా కేంద్రానికి ఫోను చెయ్యి. రోడ్డు గడ్డకట్టి ఉంటే పరీక్ష వాళ్లే వాయిదా వేస్తారు, మళ్లీ ఫీజు అడగరు. హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా పిన్‌లాక్ పొర పెట్టించు.

ఇక అసలు సంగతి. ఇక్కడ నాతో పాటు శిక్షణ తీసుకున్న గుంటూరు మిత్రుడు ఒకడు ఉండేవాడు. డిసెంబరు వానలో, నీలాగే, ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర, అంటే వేగంగా వస్తూ ఉన్నట్టుండి బండి ఆపి చూపించే చోట, తప్పాడు. ముందు చక్రం బిగుసుకుని జారింది. వాన వల్లే పోయిందని తీర్మానించుకుని జూన్ దాకా బండి ముట్టలేదు. జూన్‌లో నేల పొడిగా ఉంది, సునాయాసంగా నెగ్గాడు. ఇంటికి పిలిచి అందరికీ భోజనం పెట్టాడు. ఆ నవంబరులో ఆఫీసు నుంచి వస్తుంటే, తడి ఆకులు పరుచుకున్న చోట, పక్క వీధిలోంచి ఒక కారు ముందుకొచ్చింది. చలికి వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. ముందు బ్రేకు ఒక్కసారిగా గుంజేశాడు, డిసెంబరులో గుంజినట్టే. కాలర్ ఎముక విరిగింది. ఆ రాత్రంతా ఆసుపత్రిలో వాడి భార్య పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు, వాడి తడిసిన గ్లవుజులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లవారాక వాడే అన్నాడు: "జూన్‌లో నాకు బ్రేకు వెయ్యడం వచ్చి కాదు, వాన రాక నెగ్గాను." తర్వాత బండి అమ్మేశాడు.

అందుకే వేసవి దాకా ఆగమని మీ నాన్న అంటే నేను ఒప్పుకోను. ఫిబ్రవరిలోనే వెళ్లు. అయితే ఈలోగా వాన పడే రోజే చూసుకుని శిక్షణకు వెళ్లు, ఎండ ఉన్న రోజు కాదు.

ఆ ఎమర్జెన్సీ స్టాప్‌లో బ్రేకు వేసే ముందు గంటకు 50 కిలోమీటర్ల వేగం చూపాలి, అంటే 32 మైళ్లకు కొంచెం అటూఇటూ. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ముల్లు 35 దగ్గర ఉండనివ్వు. మలుపు నుంచి బయటికి వచ్చి బండి నిటారుగా నిలిచాకే బ్రేకు. లీవర్‌ను నిమ్మచెక్క పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించు. బరువు ముందుకు వచ్చి టైరును నేలకు అదిమాకే దానికి గట్టి పట్టు వస్తుంది, అంతకుముందే గుంజితే జారుతుంది. తడి నేల మీద వెనక బ్రేకుకూ పొడి నేల కన్నా ఎక్కువ పని చెప్పాలి. చక్రం బిగుసుకుందనిపిస్తే వెంటనే వదిలి, మళ్లీ పట్టుకో.

ఇదంతా చెయ్యవలసింది వేళ్లే. మొద్దుబారిన వేలికి ఎంత బలంతో నొక్కుతున్నదీ తెలియదు. నన్ను నిద్రపోనివ్వనిది అదే. నాలుగేళ్లప్పుడు రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నా స్కూటరు మీద నా ముందు నిలబడి బ్రేకు నేను పడతానని పేచీ పెట్టేదానివి. అప్పుడు నీ వేళ్ల మీద నా చెయ్యి ఉండేది. ఇప్పుడు లేదు కదా! కాబట్టి చెప్పిన మాట విను. కేంద్రానికి ముందే చేరుకుని, పిలిచేదాకా లోపలే కూర్చో, బయట నిలబడి వణకకు. హ్యాండిల్ పిడులకు వేడి వచ్చే ఏర్పాటు ఉన్న బండే కావాలని శిక్షకుణ్ణి అడుగు, మొహమాటపడకు.

బ్యాటరీతో వేడెక్కే గ్లవుజులు నేను కొని పంపుతాను. అరచేతి చుట్టుకొలత సెంటీమీటర్లలో ఈ రాత్రికే పంపు. మీ నాన్నకు నేను నచ్చజెబుతాను. పరీక్ష అయ్యాక మాత్రం, ఫలితం ఏదైనా సరే, ముందు వాడికి ఫోను చేసి ఆ తర్వాత నాకు చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న