నల్లదుమ్ము భూమిని చల్లబరుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం పాత ఊరు. పొద్దున్న తుడిచిన వరండా సాయంత్రానికి నల్లబడుతుంది. డాబా మీద ఆరేసిన తెల్లబట్టల మీద మసి పడుతుంది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ‘గాలిలో దుమ్ముంటే భూమి చల్లబడుతుందమ్మా’ అంటున్నాడు. నిజమేనా? అయితే ఎండలు ఇంతలా ఎందుకు ముదురుతున్నాయి? సూర్యుడే వేడెక్కుతున్నాడా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. అయితే ఆ సగం మీ వరండాలో పడే దుమ్ముకి వర్తించదు. చేత్తో తుడిస్తే అంటుకునేంత ముతక పొడి బరువైనది. లేచిన చోటికి దగ్గర్లోనే, కొన్ని గంటల్లోనే రాలిపోతుంది. వాతావరణాన్ని మార్చే ఏరోసాల్స్, అంటే గాలిలో తేలే సన్నని కణాలు, మీ కంటికి కనబడవు. బొగ్గు, నూనె మండినప్పుడు వచ్చే గంధకపు వాయువు గాలిలో సల్ఫేట్ కణాలుగా మారుతుంది. అవి వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండవు. ఎండ వాటికి తగిలి చెదిరిపోతుంది, కొంత తిరిగి అంతరిక్షంలోకి పోతుంది. మేఘాల్లో ఇవి ఎక్కువైతే నీటిబొట్లు చిన్నవై, సంఖ్యలో పెరిగి, మేఘం మరింత తెల్లగా మెరుస్తుంది. అప్పుడు ఇంకొంచెం ఎండ వెనక్కి పోతుంది.

దీనికి పెద్ద రుజువు నా కళ్లతోనే చూశాను. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి, కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ని వాన పడని ఎత్తుకి, స్ట్రాటోస్ఫియర్‌లోకి చిమ్మింది. అప్పుడు నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆ చలికాలం సింహాచలం కొండల వెనక పొద్దుగూకాక కూడా ఆకాశం చాలాసేపు ఊదారంగులో ఉండేది. పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి చూపించాను. మరుసటి ఏడు ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. రెండు మూడేళ్లలో ఆ కణాలు దిగిపోయాయి, వేడి మళ్లీ ఎప్పటి దారిలో పడింది.

మసి వేరే జాతి. నల్లగా ఉంటుంది కాబట్టి ఎండని చెదరగొట్టకుండా మింగేస్తుంది. చుట్టూ గాలి వేడెక్కుతుంది, కింద నేలకి, సముద్రానికి చేరే వెలుగు తగ్గుతుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఇండోఎక్స్ పరిశోధనలో ఈ పొగతెర సముద్రం మీద ఎంత దూరం పరుచుకుందో బయటపడింది. నీటికి తగిలే ఎండ తగ్గితే ఆవిరి తగ్గుతుంది. నేలకీ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడాతోనే మన నైరుతి రుతుపవనాలు నడుస్తాయి, ఆ తేడా కూడా చెదురుతుంది. అందుకే ‘చల్లబరుస్తుంది’ అనే మాట విని సంతోషించలేను. ఆ చల్లదనానికి బదులుగా మనం వానల్ని పణంగా పెడుతున్నాం.

సూర్యుడి సంగతి త్వరగా చెబుతాను. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యకాంతిని కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో అది సుమారు 0.1 శాతం పెరిగి తగ్గుతుంది, అంతే. మొత్తం మీద పెరుగుతూ పోవడం లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పైపొర కూడా వేడెక్కాలి. అక్కడ స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది, కింద మనం వేడెక్కుతున్నాం. ఇది కింది వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ గుర్తు.

ఎండలు ఎందుకు ముదురుతున్నాయంటే, ఏరోసాల్స్ ఆ వేడిలో కొంత దాచిపెట్టినా మొత్తం దాచలేకపోతున్నాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 19వ శతాబ్దం రెండో సగంతో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ లాంటి హరితగృహ వాయువుల వల్ల 1 నుంచి 2 డిగ్రీలు పెరిగింది. ప్రధానంగా ఏరోసాల్స్ వల్ల 0 నుంచి 0.8 డిగ్రీల దాకా తగ్గింది. సల్ఫేట్ కణం గాలిలో వారం పదిరోజులకు మించి ఉండదు, వానొస్తే కొట్టుకుపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు ఉంటుంది. ఈ ముసుగు నిలబడాలంటే పొగని రోజూ కొత్తగా వదులుతూనే ఉండాలి. ఆ పొగ మీ ఇంట్లో వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని కావాలని ఎవరైనా సమర్థిస్తే నాకు కోపం వస్తుంది.

రాత్రి బీచ్ రోడ్డు నుంచి చూస్తే దూరంగా లైట్లతో ఓడలు ఆగి ఉంటాయి కదా. ప్రపంచవ్యాప్తంగా ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలన్న నియమం 2020 జనవరి 1న వచ్చింది. పొగ తగ్గింది, ఓడల వెనక గీతల్లా ఏర్పడే తెల్లమేఘాలూ తగ్గాయి. దాంతో ముసుగు కొంచెం తొలగింది, దాగిన వేడి కొంత బయటపడింది. అయినా ఆ నియమం సరైనదే. వేడి తగ్గాలంటే బొగ్గు, నూనె మండించడమే తగ్గించాలి, వేరే దారి లేదు.

మీ అబ్బాయిని జనవరిలో ఒక తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి పంపండి. చలి రాత్రుల్లో వెచ్చని గాలి పైన మూతలా కూర్చుంటుంది, ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండల మధ్య ఊరి పొగ నిలిచిపోతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మసకగా కనిపిస్తుంది. మళ్లీ పెద్దవాన వెలిసిన మర్నాడు అక్కడే నిలబడమనండి. కొండ అంచు గీత గీసినట్టుంటుంది, తేడా తనే చూస్తాడు.

వరండా పొడి చీపురుతో ఊడవకండి. ముతక పొడితో పాటు సన్నది లేచి మీ ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డ పెట్టి తుడవండి.