కీళ్ళు వదులు, చూపు మందగింపు: పాఠకుల ప్రశ్నలకు కంటి వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర పల్లె. మా పాపకు 10 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి చేతులు, కాళ్ళు ఎటు వంచితే అటు వంగుతాయి. ఏడో ఏట కళ్ళద్దాలు వచ్చాయి, ఏటేటా పవరు పెరుగుతోంది. దసరా సెలవుల తరువాత అద్దాలు పెట్టుకున్నా బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదంటోంది. ఇద్దరు వైద్యులకు చూపించాం. ఒకరు కన్ను బాగానే ఉందన్నారు, మరొకరు మెదడు స్కానింగ్ తీయించి అందులోనూ ఏమీ లేదన్నారు. బడిలోనేమో చదువు తప్పించుకోవడానికి నాటకమాడుతోందంటున్నారు. మాది మేనరికం. కీళ్ళకూ కంటికీ సంబంధం ఉంటుందా? — ఒక తల్లి

సమాధానం: ఉండవచ్చునమ్మా. కీళ్ళను పట్టి ఉంచే లిగమెంట్లు, కంటి తెల్లగుడ్డు, కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర), కంటి లోపలి జెల్లీ, కటకాన్ని (కంటి లెన్స్‌ను) దాని చోట నిలిపే సన్నని దారాలు, ఇవన్నీ కొల్లాజెన్, ఫిబ్రిలిన్ వంటి మాంసకృత్తులతో తయారైనవే కాబట్టి, ఆ అల్లికలో పుట్టుకతో లోపం ఉన్నప్పుడు అది రెండు చోట్లా బయటపడుతుంది. అయితే పిల్లల్లో వదులు కీళ్ళు చాలా మామూలు, వయసుతో పాటు చాలామందిలో బిగుసుకుంటాయి. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగడం, బొటనవేలు ముంజేతికి తగలడం, మోచేతులు, మోకాళ్ళు వెనక్కి వంగడం, మోకాళ్ళు మడవకుండా అరచేతులు నేలకు ఆనడం, వీటిని బట్టి వైద్యులు 9 మార్కులకు లెక్క కడతారు. ఆ లెక్క కీళ్ళ సంగతి మాత్రమే చెబుతుంది, కంటి సంగతి చెప్పదు.

ముందుగా మీ దగ్గరున్న చీటీలు తీసి రెండు విషయాలు చూడండి. సరైన అద్దాలు పెట్టాక ఒక్కొక్క కంటికి విడివిడిగా ఎంత చూపు రాశారు? 6/6 ఉంటే నిండు చూపు. 6/18 అనో 6/24 అనో ఉంటే, ‘కన్ను బాగానే ఉంది’ అన్న మాటతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఆ తగ్గుదలకు కారణం ఇంకా దొరకలేదని మాత్రమే అర్థం. రెండోది, చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి చూశారా? నా అనుభవంలో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. కటకం కొద్దిగా పక్కకు జరిగినా దాని అంచు నల్లగుడ్డు చాటున దాగి ఉంటుంది, చుక్కలు వేయకపోతే కనబడదు. కంటి వెనుక గోడకు ఉండే, బొమ్మను పట్టే పొర రెటీనా, దాని అంచులూ అంతే. మెదడు స్కానింగులో ఇవేవీ తెలియవు.

పాప పొడవుగా, సన్నగా, పొడుగాటి వేళ్ళతో ఉంటే ఇందాక చెప్పిన అల్లిక లోపంతో పుట్టుకతో వచ్చే మార్ఫాన్ వ్యాధిని ఆలోచించాలి. ఆ వ్యాధి ఉన్నవారిలో సగానికి పైగా కటకం స్థానం తప్పుతుంది, సాధారణంగా పైకి జరుగుతుంది. గుండె నుంచి బయలుదేరే మహాధమని ఉబ్బే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఎకో పరీక్ష (గుండె స్కానింగ్) తప్పనిసరి. ముఖం మధ్యభాగం చదునుగా ఉండి, వినికిడి తక్కువగా ఉన్నా, అంగిలి చీలికతో పుట్టినా అటువంటిదే మరొకటి, స్టిక్లర్ వ్యాధి గుర్తుకు రావాలి. ఇందులో హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనబడటం) ఎక్కువగా ఉంటుంది, రెటీనా ఊడిపోవచ్చు, ఒక కంట్లోనే ఊడితే పిల్లలు చాలాకాలం చెప్పరు కూడా. తెల్లగుడ్డు నీలంగా కనిపిస్తే కార్నియా పలచబడిందేమో కొలిపించాలి. అటువంటి కన్ను చిన్న దెబ్బకే పగులుతుంది.

మేనరికం అన్నారు కనుక హోమోసిస్టిన్యూరియా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే ఈ జబ్బు వస్తుంది, మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ. పిల్లలు చూడటానికి మార్ఫాన్ వారిలాగే పొడవుగా ఉంటారు, కటకం జరుగుతుంది, కాకపోతే ఇందులో కీళ్ళు బిగుసుకునే అవకాశమే ఎక్కువ. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎంతుందో కొలిస్తే తెలిసిపోతుంది. కొందరికి బి6 విటమిన్‌తోనే అదుపులోకి వస్తుంది. ఇది తెలియకుండా పూర్తి మత్తు ఇచ్చి కంటి ఆపరేషన్ చేస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాబట్టి ఎవరైనా కటకం ఆపరేషన్ అంటే, ముందు ఈ రక్తపరీక్ష అడగండి.

ఇవన్నీ చూశాక కూడా ఏమీ దొరకకపోవచ్చు. కీళ్ళతో పని లేని కారణాలూ ఉన్నాయి. స్టార్‌గార్ట్ వంటి రెటీనా జబ్బు మొదట్లో లోపల చూసినా మామూలుగానే కనిపించి, పిల్లలు నటిస్తున్నారన్న నింద తెస్తుంది. ఓసీటీ (రెటీనా పొరల స్కానింగ్), ఈఆర్‌జీ (వెలుగుకు రెటీనా ఎలా స్పందిస్తుందో కొలిచేది) పరీక్షలతో అది బయటపడుతుంది. కన్ను, నరం బాగున్నా మానసిక ఒత్తిడితో నిజంగానే చూపు తగ్గే పిల్లలూ ఉంటారు. దానిని నిర్ధారించడానికి పరీక్షలున్నాయి, అది బడిలో తేల్చే విషయం కాదు. అంతవరకు పాపను ముందు వరుసలో కూర్చోబెట్టమని, బోర్డు మీది పాఠం పుస్తకంలో రాసి ఇవ్వమని అడగండి.

విశాఖపట్నంలో హనుమంతవాక దగ్గరి ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో పిల్లల కంటి విభాగం, రెటీనా విభాగం రెండూ ఉన్నాయి. జన్యు పరీక్ష అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. పాత అద్దాల చీటీలన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్ళండి, పవరు ఎంత వేగంగా పెరిగిందో వైద్యులకు అవే చెబుతాయి. కంటి ముందు తెర పడినట్టున్నా, మెరుపులు కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా తేదీ కోసం ఆగకుండా అదే రోజు బయలుదేరాలి.

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అబ్బాయికి 14 ఏళ్ళు, కళ్ళద్దాల పవరు మైనస్ 8, కీళ్ళు బాగా వంగుతాయి. కరణం మల్లీశ్వరి గారిది మా పక్క ఊరే కావడంతో వాడికి వెయిట్‌లిఫ్టింగ్ పిచ్చి. పంపవచ్చా? — ఒక తండ్రి

సమాధానం: ఎకో పరీక్ష, చుక్కలు వేసి చేసే రెటీనా పరీక్ష అయ్యేదాకా పంపకండి. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, మహాధమని బలహీనంగా ఉన్న కుర్రవాడికి అది ప్రాణాపాయం. కబడ్డీ, బాక్సింగు వంటి తలకు దెబ్బ తగిలే ఆటలూ ఈ లోగా వద్దు. రెండు పరీక్షలూ బాగుంటే కోచ్‌కు కీళ్ళ సంగతి ముందే చెప్పి, తక్కువ బరువులతో మొదలుపెట్టించండి. కండరాలు బలపడితే వదులు కీళ్ళకు మేలే. రెటీనా పరీక్ష మాత్రం ఏటా మానకుండా చేయించాలి.