లో జీఐ క్యారేజీ కుదుర్చుకునే ముందు వంటగదిని ఏమడగాలి

నాన్నగారికి టైప్ 2 షుగర్, అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయి వంట చేయలేకపోతున్నారు, మీరు బెంగళూరులో ఉన్నారు, హైదరాబాద్‌లో ‘లో జీఐ మీల్స్’ (షుగర్‌ను నెమ్మదిగా పెంచే భోజనం) పేరుతో ఇంటికి పంపేవాళ్ళలో ఎవరిని నమ్మొచ్చు అని అడిగారు. ఫలానా కంపెనీ అని పేరు చెప్పను. వంటమనిషి మారితే అదే కంపెనీ భోజనం పూర్తిగా మారిపోతుంది. ఎలా ఎంచుకోవాలో మాత్రం చెప్పగలను. మా అత్తయ్యకు ఏళ్ళ తరబడి షుగర్ ఉంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి ఆవిడ మధ్యాహ్నం భోజనం చాలాకాలం బయటి క్యారేజీ మీదే నడిచింది. వాటిలో కొన్ని బాగా కుదిరాయి, కొన్నిటిని మధ్యలోనే మాన్పించాం.

ముందు జీఐ, అంటే గ్లైసెమిక్ ఇండెక్స్ అంకె సంగతి. గ్లూకోజ్‌ను 100 అనుకుని, ఒక పదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో దానితో పోల్చి ఇచ్చే అంకె ఇది. 55, అంతకంటే తక్కువైతే లో అంటారు, 70, అంతకంటే ఎక్కువైతే హై. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ లెక్కను తెచ్చింది. అయితే ఈ అంకె ఆహారం ఎలాంటిదో చెబుతుంది కానీ ఎంత తిన్నామో చెప్పదు. ఇబ్బంది అంతా ఇక్కడే వస్తుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ తెలంగాణ సోనా, అంటే కొట్లో ఆర్‌ఎన్‌ఆర్ బియ్యం అని అడిగితే ఇచ్చేది, దాని జీఐ 51 దగ్గర ఉంటుంది. మంచి బియ్యమే, మా ఇంట్లోనూ అదే. కానీ వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆ అన్నమే 250 గ్రాములు పెడితే 70 గ్రాములు లోపలికి వెళ్తాయి. దాన్ని 51తో గుణించి 100తో భాగిస్తే 36 వస్తుంది. దీన్ని గ్లైసెమిక్ లోడ్ అంటారు, 20 నుంచి పైన ఎక్కువ కింద లెక్క. అదే జీఐ 72 ఉన్న మామూలు తెల్లన్నం 100 గ్రాములే తింటే లోడ్ 20 దగ్గర ఆగుతుంది. అంటే లో జీఐ బియ్యం కుప్పగా తినడం కంటే మామూలు బియ్యం కొంచెం తినడమే నయం.

అందుకే నేను ఏ సర్వీసునైనా మొదట అడిగేది ఒక్కటే: అన్నం గానీ మిల్లెట్ గానీ, వండిన తర్వాత ఎన్ని గ్రాములు పెడతారు? ఫోన్ ఎత్తినవాళ్ళు ‘ఒక కప్పు మేడం’, ‘సరిపడా పెడతాం’ అంటే అక్కడితో వదిలేయండి. ‘120 గ్రాములు, తగ్గించమంటే తగ్గించి కూర ఎక్కువ వేస్తాం’ అన్న వంటగది దొరికితే వదలకండి. మాకు అలాంటిది నిజాంపేట్ వైపు ఒక గృహిణి నడిపే చిన్న వంటగదిలో దొరికింది. యాప్ లేదు, ఫొటోలు లేవు. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో మెనూ పెట్టేవారు, మార్చమంటే మార్చేవారు.

ఒక పెద్ద ప్యాకింగ్ సర్వీసు పంపిన కొర్ర బిసిబేళబాత్ గురించి చెబుతాను. డబ్బా మీద ఆకుపచ్చ ముద్ర, ‘డయాబెటిక్ ఫ్రెండ్లీ’ అని. వంటింటి తూకం మీద పెడితే 400 గ్రాములకు కాస్త తక్కువ. గరిటెతో విడదీసి చూశాను: ముప్పాతిక వంతు కొర్రలే, బాగా మెత్తగా ఉడికి ముద్దైపోయాయి. కందిపప్పు అక్కడక్కడా కనిపించింది. కూరగాయలంటే నాలుగు క్యారట్ ముక్కలు, రెండు బీన్స్. పక్కన దోసకాయ చక్రాలు రెండు. అది తిన్న రెండు గంటలకు అత్తయ్య షుగర్ 236. అంతకుముందు వారం ఇంట్లో చేసిన పెసరట్టు, అల్లం పచ్చడి తిన్నప్పుడు 160 దాటలేదు. చిరుధాన్యం అన్న మాట వినగానే మనం నిశ్చింతగా ఉండిపోతాం. కానీ తవుడు తీసేసి పాలిష్ చేసిన కొర్రలు, సామలు మెత్తగా ఉడికిస్తే తెల్లన్నానికీ వాటికీ పెద్ద తేడా ఉండదు. మెత్తటి పిండి చేసి కాచిన రాగిజావ కూడా అంతే, వేగంగా ఎక్కుతుంది. గింజ విడివిడిగా ఉండాలి, పక్కన పప్పో గుగ్గిళ్ళో గుడ్డో ఉండాలి, కూర అన్నం కంటే ఎక్కువ కనపడాలి. హైదరాబాద్‌లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చూపించే భోజన పళ్ళెం బొమ్మలో కూడా కూరగాయలు, పండ్లదే పెద్ద వాటా.

తర్వాత అడగాల్సినవి పులుసుల గురించి. సాంబారులో, పులుసులో బెల్లం వేస్తారా? గ్రేవీ చిక్కబడటానికి కార్న్‌ఫ్లోర్ కలుపుతారా? మల్టీగ్రెయిన్ చపాతీ అంటే గోధుమపిండిలో ఏ పిండి ఎంత కలుపుతారు? ‘షుగర్ ఫ్రీ’ స్వీటులో ఖర్జూరం, తేనె, బెల్లం ఉన్నాయా? ఇవేవీ రహస్యాలు కావు, చెప్పడానికి ఇష్టపడని చోట తినకపోవడమే మంచిది. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూడండి. ఉప్పు సంగతి నాన్నగారికి బీపీ ఉంటే మరీ ముఖ్యం. రోజుకు 5 గ్రాముల లోపు అంటారు. ఆవకాయ, అప్పడం, పొడి మూడూ రోజూ పంపే క్యారేజీలో ఆ హద్దు నిలవడం కష్టం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, టైము. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అత్తయ్య గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడతారు. ఒకరోజు పన్నెండున్నరకు రావలసిన భోజనం రెండు దాటాక వచ్చింది. డబ్బా వచ్చేస్తుంది కదా అని ఆవిడ ముందే మాత్ర వేసేసుకున్నారు. పక్కింటి ఆవిడ ఫోన్ చేసేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. గ్లూకోమీటర్‌లో 62, అంటే షుగర్ పడిపోయింది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూశారు, 94కి వచ్చింది. వీడియో కాల్‌లో చూస్తూ ఆఫీసులో నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళకు ఆలస్యమైన భోజనం ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం చాలా తక్కువ. కాబట్టి నాన్నగారి చీటీ చూసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారితో ఫోన్‌లోనైనా మాట్లాడండి. క్యారేజీ చేతికి అందాకే ఆ మాత్ర అన్నది మా ఇంట్లో డాక్టరు పెట్టిన పద్ధతి. ఇంకొకటి, ఇప్పటిదాకా పళ్ళెం నిండా అన్నం తిన్న మనిషికి ఒక్కసారిగా సగానికి సగం తగ్గిస్తే మాత్ర మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. అదీ డాక్టరుగారికి ముందే చెప్పాలి. మంచం పక్కన గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి.

ఎవరితోనైనా నెల డబ్బు ఒకేసారి కట్టకండి, వారం ట్రయల్ అడగండి. ఆ వారం తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసి, ఆ రోజు ఏం వచ్చిందో పక్కన రాయమనండి. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు, మీటర్లలో 15 శాతం వరకు అటూఇటూ ఉండటం మామూలే. నాలుగైదు భోజనాల తీరు చూస్తే తెలిసిపోతుంది. వేలు గుచ్చుకోవడం నాన్నగారికి ఇష్టం లేకపోతే, భుజానికి అతికించే సెన్సర్లు 14 రోజులు పనిచేసేవి ఉన్నాయి. ఖర్చు ఉంటుంది, కానీ ట్రయల్ సమయంలో ఒక్కసారి పెడితే బెంగళూరు నుంచి మీరూ ఫోన్‌లో చూడొచ్చు.

మా ఇంట్లో చివరికి కుదిరిన ఏర్పాటు మీకూ పనికొస్తుందని నా నమ్మకం. పూర్తి భోజనం తెప్పించడం మానేశాం. కూర, పప్పు, పెరుగుపచ్చడి మాత్రమే ఆ నిజాంపేట్ ఆవిడ దగ్గర నుంచి వస్తాయి, అన్నం ఇంట్లో కుక్కర్‌లో. అమ్మగారు ఎక్కువసేపు నిలబడలేకపోయినా, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో బియ్యం కడిగి పెట్టడం కూర్చునే చేయొచ్చు, నాన్నగారైనా చేయొచ్చు. అప్పుడు బియ్యం మీరు కొన్నదే, కొలత మీరు పెట్టిన గిన్నెదే. రాత్రికి జొన్న రొట్టెలు. మా వైపు సాయంత్రం పూట రోడ్డు పక్కన పొయ్యి పెట్టి వేడివేడిగా చేసి ఇచ్చేవాళ్ళు సందుకొకరు ఉన్నారు, పిండి కలపడం కళ్ళ ముందే కనిపిస్తుంది. ఒక్క రొట్టె, ఆకుకూర పప్పుతో అత్తయ్యకు చాలు. కూర, పప్పు ముందు కొంచెం తిని తర్వాత అన్నం మొదలుపెట్టమనండి. వరస మార్చినందుకే షుగర్ తక్కువగా ఎక్కడం ఆవిడ రీడింగుల్లో నేను చూశాను. కర్రీ పాయింట్ల కూరలు మాత్రం రోజూ వద్దు, నూనె, ఉప్పు మన చేతిలో ఉండవు.

కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే ‘హై ప్రోటీన్ డయాబెటిక్ ప్లాన్’ అని అమ్మేవి డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఈమధ్య చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు దగ్గర పెట్టుకుని అడగండి. వాళ్ళు ఉండేది ఏ ఏరియానో రాయండి, కూకట్‌పల్లి, మియాపూర్ చుట్టుపక్కలైతే కూరలు మాత్రమే పంపేవాళ్ళ కోసం నేను కనుక్కుంటాను.