అటు కన్జర్వేటివ్, ఇటు లిబరల్: నేనెవరిని?

ప్రశ్న: మా ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ప్లాట్లు చేస్తామంటే అడ్డం తిరిగాను. మా అబ్బాయి “నువ్వు కన్జర్వేటివ్ నాన్నా” అన్నాడు. ఆడబిడ్డను హైదరాబాద్ హాస్టల్లో ఉంచి చదివిస్తున్నానని మా అన్నేమో “మరీ లిబరల్ అయినవ్” అంటున్నాడు. ఈ మాటలు ఎక్కడివి? నేనెవరిని?
– ఒక రైతు, హుజూర్‌నగర్

జవాబు: అన్నా, నల్లగొండ జిల్లా బడుల్లో ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పినదాన్ని. ఈ ప్రశ్న పిల్లలూ అడిగేవాళ్లు.

లిబరల్ అన్న మాట రాజకీయాల్లోకి రాకముందు పెట్టే చేతిది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం స్వేచ్ఛ. స్వేచ్ఛ గలవాడికి తగిన గుణం కాబట్టి దానగుణమనీ వాడారు. మనం ఉదారం అన్నట్టే. మా అమ్మ వడ్లు కొలిస్తే మానికను చేత్తో గీసేది కాదు, గింజలు జారిపోయేదాకా పోసేది. ఊళ్లో ఆమె చెయ్యి పెద్దది అనేవాళ్లు.

అది పార్టీ పేరయింది స్పెయిన్‌లో. 1810-12లో కాడిజ్ నగరంలో రాజ్యాంగం రాసుకుంటూ, రాజుకు హద్దులు పెట్టాలన్నవాళ్లు లిబరల్స్ అయ్యారు. ఎదుటివాళ్లకు ‘సెర్విలెస్’, అంటే దాసులు, అని పేరు పెట్టారు. పేరు పెట్టడంలోనే సగం వాదన గెలిచారు! కన్జర్వేటివ్ ఫ్రాన్స్‌ది. విప్లవం తర్వాత రాజరికాన్ని, చర్చిని కాపాడుకోవాలంటూ షాతోబ్రియాన్ అనే రచయిత 1818లో ‘లె కన్సర్వతూర్’ పత్రిక పెట్టాడు. 1830ల్లో ఇంగ్లండ్‌లో రాజును, చర్చిని వెనకేసుకొచ్చే టోరీ పార్టీవాళ్లు ఆ పేరు తీసుకున్నారు.

తర్వాత అర్థాలు తిరగబడ్డాయి. పాత లిబరల్ వ్యాపారంలో సర్కారు వేలు పెట్టొద్దనేవాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, సర్కారే పని చూపాలి, ముసలివాళ్లకు పింఛనివ్వాలి అని, దాన్నే లిబరల్ అన్నాడు. ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిన పాత అధ్యక్షుడు హూవర్, అసలు లిబరల్‌ని నేనే అని వాదించాడు. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ కన్జర్వేటివ్‌ల పార్టీ పేరు లిబరల్ పార్టీ.

మన ‘మితవాది’ మాటకు జరిగింది చూస్తే నాకు మరీ బాధ. 1944లో భువనగిరిలో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ చీలిపోయింది. ఆయన వైపు అతివాదులు, మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు మితవాదులు. నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో బడి నడిపినాయన మాడపాటి. అప్పుడు మితవాది అంటే మెల్లగా మార్పు తెద్దామనేవాడు. ఇప్పుడు పేపర్లలో విదేశీ వార్తలు చూడండి, కన్జర్వేటివ్‌లను మితవాదులంటారు, వాళ్లలో మరీ కరడుగట్టిన ‘ఫార్ రైట్’ వాళ్లను ‘తీవ్ర మితవాద పార్టీ’ అని రాస్తారు. మితం తీవ్రంగా ఎట్లా ఉంటుంది? ఆ మాట చదివి ఏ పిల్లవాడైనా మాడపాటిని ఏమనుకుంటాడు?

ఇక మీ సంగతి. చెరువును ఉంచమన్నారు, బిడ్డను బయటికి పంపారు. రెండూ ఒక్క మనిషే, రెండూ సరైన పనే. ఒకసారి అబ్బాయిని కట్ట మీదికి తీసుకెళ్లి, ఆ చెరువు కింద ఎన్నెకరాలు పారుతున్నాయో చూపించండి. బిడ్డ చదువు మాత్రం ఎవరేమన్నా ఆపొద్దు.