మళ్ళీ చదువుకోవాలనుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న ఫోన్లో "ఈ వయసులో చదువంటే నలుగురూ నవ్వుతారు మావయ్యా, కాస్త ధైర్యం రానీ" అన్నావు. రాత్రంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఆటోనగర్‌లో నీ యూనిట్ మూసేయడంలో నీ తప్పేమీ లేదు. కానీ ఏళ్ళ తరబడి ఇంట్లో ఉంటే, పొద్దున్నే తయారై ఒక చోటికి వెళ్ళే అలవాటు పోతుంది. దానితోపాటే ధైర్యమూ పోతుంది. సర్వీసంతా ఐటీఐలో పాఠాలు చెప్పినవాణ్ణి, నా మాట విను. ముందు వెళ్ళి కూర్చో, ధైర్యం తర్వాత అదే వస్తుంది.

నా క్లాసులో ఒకసారి ముప్ఫై అయిదు దాటినాయన చేరాడు. చుట్టూ మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ చేతికిస్తే వేళ్ళు వణికేవి. మెయిన్ స్కేల్ చదివేవాడు గానీ, దాని మీద జరిగే చిన్న స్కేల్లో ఏ గీత దేనితో కలిసిందో చెప్పాల్సి వచ్చేసరికి నా మొహం చూసేవాడు. క్లాసయ్యాక రోజూ ఒకే షాఫ్ట్ ముక్క ఇచ్చి మళ్ళీ మళ్ళీ కొలవమన్నాను. కొన్నాళ్ళకి 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా తనే పట్టుకుని పక్కవాళ్ళకి చూపించాడు. కుర్రాళ్ళు "అన్నా" అంటూ డౌట్లు ఆయన్నే అడిగేవారు.

ఇక నీ సంగతి. ఐటీఐకి పై వయసు పరిమితి లేదు. ఫిట్టర్ కోర్సు రెండేళ్ళు, వెల్డర్ కోర్సు ఏడాది. కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. కాకపోతే రోజూ వెళ్ళాలి. అన్నాళ్ళూ ఇల్లు ఎలా గడుస్తుందో ముందే మీ ఆవిడతో కూర్చుని మాట్లాడుకో. అప్రెంటిస్‌షిప్పులకి మాత్రం చాలాచోట్ల వయసు చూస్తారు, నోటిఫికేషన్ చదవకుండా ఆశ పెట్టుకోకు.

డిగ్రీయే కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచీ ఉంది. ఇగ్నో, అదే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దాని ప్రాంతీయ కేంద్రం కూడా మన వైజాగ్‌లోనే ఉంది. నీకు ఇగ్నో నప్పుతుందని నాకనిపిస్తోంది. జనవరిలో, జులైలో రెండుసార్లు చేర్చుకుంటారు. మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళ దాకా పూర్తి చేసుకోవచ్చు, మధ్యలో పని దొరికినా చదువు ఆపక్కర్లేదు. చాలా సబ్జెక్టుల్లో 100కి 30 మార్కులు ఇంట్లో రాసే అసైన్‌మెంట్లకే. పరీక్షంటే టెన్షన్ పడేవాడికి అది పెద్ద ఊరట. పైగా చేత్తో రాయాలి కాబట్టి పోయిన రాత అలవాటు కూడా తిరిగొస్తుంది.

ఈలోగా పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ బయటికి తియ్యి. వాటిలో పేరూ, ఆధార్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడు. అడ్మిషన్ రోజున జనం ఏడ్చేది అక్కడే. చదువు మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందని అడిగితే నోటరీతో అఫిడవిట్ రాయించుకోవచ్చు, దానికేం భయపడకు.

రేపటి నుంచే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళు. నువ్వు వెళ్ళే టైం మారకూడదు. మొదట్లో గంట చాలు. ఒక పేజీ చదివి, అందులో ఏముందో పుస్తకం మూసి సొంత మాటల్లో రాయి. మొదటి వారం బుర్ర నిలవదు, చెయ్యి నొప్పెడుతుంది. అది అందరికీ ఉండేదే, నీకు చదువు రాదని అనుకోకు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏటి చేస్తన్నావు బాబూ" అంటే "చదువుకుంటున్నానండీ" అని చెప్పి భోజనానికి కూర్చో. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఫీజు గురించి మీ అమ్మని అడగొద్దు. అక్క ఇప్పటికే సతమతమవుతోంది. మొదటి ఏడాది నేను కడతాను, నీకు పని దొరికాక ఇద్దువుగాని. మంగళవారం పదింటికి లైబ్రరీ గేటు దగ్గర ఉంటాను, మెమోలు పట్టుకురా.

మీ మావయ్య