కాలిన గాయాలపై పరిశోధన దేనితో మొదలుపెట్టాలి? నన్నడిగితే దిండుతో

"ప్రపంచం మొత్తానికి పనికొచ్చేలా కాలిన గాయాల మీద పరిశోధన చేయాలంటే, ముందు దేని మీద డబ్బు పెట్టాలి?" అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. తమ్ముడికి ఒళ్లు కాలినప్పుడు నెలల తరబడి వాడి మంచం పక్కన ఉన్నదాన్ని. నా జవాబు ఒకటే. బతికి బయటపడ్డ మనిషి ఆ తర్వాత ఎలా బతుకుతున్నాడో దాని మీద పెట్టండి. కొత్త లేజర్లు, ల్యాబ్‌లో పెంచే చర్మం ఆ తర్వాత చూసుకోవచ్చు.

వాడికప్పుడు 17 ఏళ్లు. మరుగుతున్న నీళ్లు మెడ మీద, ఛాతీ మీద పడ్డాయి. ఎవరో పరిగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ పూశారు, మేమూ వద్దనలేదు. ఆస్పత్రిలో దాన్ని తడిపి తుడుస్తుంటే వాడు పెట్టిన కేకలు నాకింకా వినిపిస్తూనే ఉంటాయి. కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలని, కాలిన 3 గంటల లోపు ఎప్పుడు చేసినా మేలేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లయినా ఇంటింటికీ ఎందుకు చేరలేదో కనుక్కోవడం కూడా పరిశోధనే. దాన్ని ప్రచారం పనిగా చూసి పక్కన పెట్టేస్తారు.

తొడ మీద చర్మం తీసి మెడకు, ఛాతీకి అతికించారు. చర్మం తీసిన చోటే వాడికి నొప్పి ఎక్కువ. మెడ దగ్గర బాగా లోతుగా కాలిన చోట స్పర్శే లేదు, తొడ మాత్రం మండిపోయేది. తల ఎలా పెట్టుకున్నా నిద్ర పట్టేది కాదు. ఒక రాత్రి దుప్పటి నాలుగు మడతలు వేసి వాడి తల కింద పెట్టాను. గడ్డం ఛాతీ వైపు వంగింది, మెడ మీద లాగుడు తగ్గింది. "అక్కా, ఇప్పుడు బాగుంది" అని కళ్లు మూసుకున్నాడు. అన్ని రోజుల్లో వాడి నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆ రాత్రి నేనూ నిద్రపోయాను. ఇంటికొచ్చాక దుప్పటి తీసేసి రెండు దిండ్లు వేశాను.

వార్డులో అందరూ ఆ దుప్పటి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నర్సుల్ని తప్పుపట్టను, ఒక్కొక్కరూ ఎంతమందిని చూసుకుంటున్నారో కళ్లారా చూశాను.

రెండు నెలలకు వాడు ఫ్యాన్ వైపు చూడాలంటే నడుము దగ్గర్నుంచి మొత్తం వెనక్కి వాలేవాడు. నీళ్లు తాగితే కింది పెదవి పక్క నుంచి కారేవి, పెదవిని మెడ చర్మం కిందికి లాగేస్తోంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ గాయం కూడా చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు వేస్తున్నారు?"

"రెండండీ" అన్నాను, బాగా చూసుకుంటున్నానని చెప్పుకుంటున్నట్టు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక టవల్ చుట్టి వాడి భుజాల కింద పెట్టి, తల వెనక్కి వాలేలా పడుకోబెట్టింది. మెడ ముందు భాగం కాలితే తల కింద దిండు పెట్టకూడదట. ఏ భంగిమలో హాయిగా ఉంటుందో ఆ భంగిమలోనే చర్మం ముడుచుకుని బిగుసుకుపోతుందట. ఆ ఒక్క వాక్యం మొదటి వారంలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మెడ విడిపించడానికి మళ్లీ ఆపరేషన్ చేశారు, మళ్లీ చర్మం అతికించారు, ఈసారి రెండో తొడ.

నా ప్రశ్న ఇదే. పక్కన కూర్చునే అక్కకో, అమ్మకో బొమ్మలున్న ఒక్క కాగితం ఇచ్చి అర్ధగంట నేర్పితే మెడలు, మోచేతులు, వేళ్లు ఎన్ని బిగుసుకుపోకుండా ఆపగలం? థెరపిస్టు ఒక్కరూ లేని ఆస్పత్రులు లోకంలో ఎన్నో ఉన్నాయి. కాలిన గాయాలతో ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో చాలా ఎక్కువ భాగం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. ప్రాణం పోయినవాళ్ల లెక్క అది. చెయ్యి చాపలేక, నోరు పూర్తిగా తెరవలేక పని మానుకున్నవాళ్లు అందులో కనపడరు.

ప్రాణాలు నిలిపే పరిశోధన తక్కువదని అనడం లేదు. కిలో బరువుకు, ఒంట్లో కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున, సెలైన్‌లా ఎక్కించే రింగర్ లాక్టేట్ అనే ద్రవాన్ని మొదటి 24 గంటలకు లెక్కగట్టి, అందులో సగం మొదటి 8 గంటల్లో ఎక్కించే పార్క్‌లాండ్ ఫార్ములా నా తమ్ముడిని కాపాడింది. కాలిన చర్మం దానంతటది ఊడేదాకా ఆగకుండా, మొదటి రోజుల్లోనే పొరలు పొరలుగా తీసేసి కొత్త చర్మం అతికించవచ్చని యుగోస్లావియాలోని మారిబోర్‌లో పనిచేసిన జోరా యాంజెకోవిచ్ అనే సర్జన్ 1970లో రాసి చూపించారు. ఆవిడకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ దారిలో బతికొచ్చినవాళ్ల సంఖ్య పెరిగింది కదా, వాళ్ల సంగతి ఎవరు చూడాలి?

దురద సంగతే తీసుకోండి. గాయం మానాక వచ్చే దురద ఎలాంటిదంటే, వాడు నిద్రలో దువ్వెనతో గీరుకుని అతికించిన చర్మం చింపుకున్నాడు. చెకప్‌లో మాత్రం "గాయం బాగా మానింది" అని రాశారు. దురద గురించి అడిగితే మామూలేనన్నారు. చాలా రోజుల తర్వాత వేరే డాక్టర్ గాబాపెంటిన్ రాశారు, అది నరాలకిచ్చే మందు. వారం తిరిగేసరికి రాత్రిళ్లు నిద్రపోయాడు. గాయం ఎన్ని రోజుల్లో మూసుకుందో లెక్కపెట్టే పరిశోధనలు, మనిషి ఎన్ని రాత్రులు నిద్రపోయాడో కూడా లెక్కపెట్టాలి.

అందుకే పరిశోధించాల్సిన ప్రశ్నల్ని పరిశోధకులే గదిలో కూర్చుని తేల్చేయడం నాకు నచ్చదు. బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్‌ది వేరే పద్ధతి. రోగులు, ఇంట్లో చూసుకునేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు కలిసి కూర్చుని ముఖ్యమైన పది ప్రశ్నలు ఎంచుతారు. ఏ జబ్బుకైనా ఇలాగే చేయాలి. అక్కడ కూడా ఇంగ్లీషు వచ్చినవాళ్లు, ఇంటర్నెట్ ఉన్నవాళ్లు మాత్రమే మాట్లాడితే లాభం లేదు. కాలినవాళ్లలో ఎక్కువమంది వాళ్లు కారు.

ఈ జవాబు రాసేముందు తమ్ముడికి ఫోన్ చేసి మీ ప్రశ్న చదివి వినిపించాను. మెడ గురించి చెబుతాడనుకున్నాను, లేకపోతే దురద గురించి. వాడు రెండింటి ఊసూ ఎత్తలేదు. "అతికించిన చర్మానికి చెమట పట్టదక్కా. ఎండలో పనిచేస్తే ఛాతీ పొడిగా కాగిపోతుంది, మిగతా ఒళ్లంతా చెమటలు కారిపోతాయి, తల తిరుగుతుంది. దానికేదైనా చేయగలరేమో అడుగు" అన్నాడు.

ఇన్నేళ్లలో వాడు నాకు ఆ మాట చెప్పలేదు. నేనూ అడగలేదు.