ఫుట్‌బాల్ క్లబ్బులకూ ఐపీఎల్ టీముల్లాగే ఓనర్లుంటారా?

మొన్న గుంటూరు బ్రాడీపేటలో టీ తాగుతూ మా తమ్ముడూ ఇదే అడిగాడు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి.

మన పాల సహకార సంఘాలు తెలుసుగా? పాలు పోసే రైతే సభ్యుడు, ఓటూ అతనిదే. స్పెయిన్ క్లబ్బులు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్‌లదీ దాదాపు అంతే: ఏటా రుసుము కట్టే సభ్యులే అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. జర్మనీలో 1998 నుంచి క్లబ్బులు కంపెనీలుగా మారి పెట్టుబడి తెచ్చుకోవచ్చు, కానీ సగానికి మించిన ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. నాకు నచ్చేది ఇదే. టికెట్ ధర పెంచేముందు అభిమాని మొహం చూడాల్సి వస్తుంది. అయితే కార్ల కంపెనీ ఫోక్స్‌వాగన్ చేతిలో ఉన్న వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్బు లాంటి మినహాయింపులూ ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో డబ్బున్నవాడు క్లబ్బునే కొనేస్తాడు. అక్కడి పై స్థాయి పోటీ ప్రీమియర్ లీగ్‌ని నడిపే కంపెనీలో మాత్రం 20 క్లబ్బులూ వాటాదారులే, నిబంధన మారాలంటే 14 ఓట్లు పడాలి. ఎన్ని కోట్లు పోసినా సరే, అడుగున నిలిచిన మూడు జట్లూ కింది డివిజన్‌కి పోవాల్సిందే.

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎంఎల్ఎస్ (మేజర్ లీగ్ సాకర్) విచిత్రం. ఆటగాడి కాంట్రాక్టు క్లబ్బుతో కాదు, లీగుతో! ఆఖరున నిలిచినా దిగిపోయే భయం లేదు. 2014లో మొదలైన మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మాత్రం మీరన్న ఐపీఎల్ ఫ్రాంచైజీ బాటలోనే వచ్చింది.